ఊసరవెల్లి పెంపకము

“తొండ ముదిరి ఊసరవెల్లి యైనది” అని తెలుగువారి సామెత. చిన్న దుర్గుణము పెరిగి పెద్ద దుర్గుణమైనప్పుడు ఈ మాట వాడుదురు. పూటకొక పక్షమున చేరువానిని, ఎదుటివారిని బట్టి మాట మార్చువానిని ఊసరవెల్లితో పోల్చుట లోకమున పరిపాటి. కొందఱు దీనిని విషజంతువని భ్రమించి రాళ్లతో కొట్టి చంపుదురు. నిజమునకు దీనికి విషము లేదు. దీనివలన మనుష్యునికి చెప్పదగిన హానియు లేదు.

ఇన్ని నిందలు మోయుచున్న ఈ ప్రాణినే కొన్ని దేశములలో జనులు ధనమిచ్చి కొని ఇండ్లలో పెంచుచున్నారు. అమెరికా, ఐరోపా ఖండములలో చిలుకను పెంచినట్లు దీనిని పెంచి, గ్రుడ్లను పొదిగించి, పిల్లలను సాకువారు గలరు. ఒకచోట రాతిదెబ్బ, మఱొకచోట జాలి బోను. మొదటిది క్రూరమని వేరుగా చెప్పనక్కరలేదు. కాని రెండవది ప్రేమయేనా? ఇది ఆలోచింపదగిన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆ ప్రాణి యెట్టిదో, దానికేమి కావలెనో తెలిసికొనుట యవసరము.

ప్రపంచమున రెండువందలకు పైగా ఊసరవెల్లి జాతులు గలవు. వానిలో సుమారు సగము హిందూ మహాసముద్రములోని మడగాస్కరు ద్వీపమునందే యున్నవి. అక్కడ 2021వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు వర్ణించిన ఒక జాతిలో మగదాని దేహము, తోకను విడిచి లెక్కించినచో, పదునాలుగు మిల్లీమీటర్లైనను లేదు. అది మన వ్రేలికొనపై సుఖముగా కూర్చుండగలదు. అదే ద్వీపమున రెండడుగులకు మించి పెరుగు జాతియు గలదు. మన దేశమున సహజముగా నున్న జాతి ఒక్కటే. తెలుగునాట చిట్టడవులలోను, తోటలలోను, కంచెలమీదను కనబడు ఆకుపచ్చని ఊసరవెల్లి అదియే. విదేశములలో ఇండ్లలో హెచ్చుగా పెంచునవి వేరు జాతులు. వానిలో ముఖ్యమైనవి రెండు: యెమెను, సౌదీ అరేబియా ప్రాంతముల నుండి వచ్చినదియు, తలపై ఎత్తైన శిఖ గలదియు నగు ‘వెయిల్డ్’ ఊసరవెల్లి యొకటి, మడగాస్కరునకు చెందిన ‘పాంథర్’ ఊసరవెల్లి రెండవది.

ఈ ప్రాణి దేహనిర్మాణము మిక్కిలి వింతయైనది. దీని రెండు కన్నులును వేర్వేరుగా తిరుగును. ఒక కన్ను ముందున్న పురుగును చూచుచుండగా, రెండవది వెనుకనున్న శత్రువును కనిపెట్టగలదు. పాదములందలి వ్రేళ్లు రెండు జట్లుగా కలిసి పట్టకారువలె కొమ్మను పట్టుకొనును. తోక ఐదవ చేయివలె చుట్టుకొనును. ఇక నాలుక సంగతి చెప్పనే యక్కరలేదు. అది దేహపు పొడవునకు ఒకటిన్నర రెట్లు, కొన్ని జాతులలో రెండు రెట్లు చాచుకొనును. విలుకాడు వింటినారిని లాగి శక్తిని నిలువచేసి బాణమును విడుచునట్లు, ఊసరవెల్లి నాలుకలోని కండరములు ముందుగా శక్తిని కూడబెట్టి ఒక్కసారిగా విడుచును. నాలుకకొననున్న జిగట పురుగును అంటిపెట్టుకొని నోటికి తెచ్చును. ఇదంతయు రెప్పపాటులో జరుగును. పూర్వము రోము దేశపు పండితుడగు ప్లినీ, ఈ ప్రాణి అన్నపానములు లేక గాలిని మాత్రమే పీల్చి బ్రతుకునని వ్రాసెను. ఆ నాలుక వేగము కంటికి అందకపోవుటయే ఇట్టి నమ్మకమునకు తావిచ్చి యుండవచ్చును.

రంగు మార్చుటను గూర్చియు అట్టి భ్రమయే వ్యాపించి యున్నది. ఊసరవెల్లి యే వస్తువుపై కూర్చున్న ఆ వస్తువు రంగును పొందునని చాలమంది తలతురు. ఎఱ్ఱని గుడ్డపై నుంచినచో ఎఱ్ఱబడునని పిల్లలు చెప్పుకొందురు. అది నిజము కాదు. దాని రంగు మారుటకు ముఖ్యకారణములు దాని మనఃస్థితి, ఎండ, చలి, ఆరోగ్యము. 2015వ సంవత్సరమున జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పాంథర్ ఊసరవెల్లి చర్మమును పరీక్షించి ఒక రహస్యమును బయలుపరచిరి. ఆ చర్మములోని కొన్ని కణములందు కంటికి కనబడనంత సూక్ష్మములైన స్ఫటికములు వరుసలు దీరి యున్నవి. ప్రాణి శాంతముగా నున్నప్పుడు అవి దగ్గరగా నుండి నీలపు కాంతిని వెనుకకు పంపును. పైనున్న పసుపువన్నెతో కలిసి ఆ నీలము మనకు ఆకుపచ్చగా తోచును. మగది మఱొక మగదానిని చూచి ఉద్రేకించినప్పుడు ఆ స్ఫటికముల నడుమ ఎడము పెరిగి, చర్మము పసుపు, నారింజ వన్నెలకు తిరుగును. చలిగా నున్నప్పుడు ఎండవేడిని గ్రహించుటకై దేహము నల్లబడును. కడుపుతో నున్న ఆడది ముదురురంగు దాల్చి, దానిపై ప్రకాశించు మచ్చలు చూపి, మగదానిని దగ్గరకు రావలదని హెచ్చరించును. కాబట్టి రంగు దానికి వేషము కాదు, భాష. మోసగానికి ఉపమానముగా మనము చెప్పుకొను ప్రాణి, నిజమునకు తన మనస్సును చర్మముపై వ్రాసి చూపునది.

ఈ భాషను చదువగలవానికే దానిని పెంచు అర్హత గలదు. పెంచువాడు చేయవలసిన పనులను ఒక్కొక్కటిగా పరిశీలించినచో, అది కుక్కను, కోడిని పెంచుటవంటిది కాదని తెలియగలదు.

మొదట నివాసము. ఊసరవెల్లి చెట్టుపై బ్రతుకు ప్రాణి. దాని బోను వెడల్పుకంటె ఎత్తు హెచ్చుగా నుండవలెను. గాలి చక్కగా ఆడుటకై నలువైపుల సన్నని జాలి యుండవలెను. లోపల మందార వంటి మొక్కలను, అడ్డముగా సన్నని కొమ్మలను అమర్చవలెను. ఆకుల చాటున దాగుటకు వీలులేని ఊసరవెల్లి ఎల్లప్పుడు భయముతో నుండును. ఒక బోనులో ఒక్కదానినే యుంచవలెను. తోడు లేక బాధపడునేమోయని రెండవదానిని తెచ్చి కలుపువాడు జాలి చూపుచున్నానని తలచి హింసయే చేయుచున్నాడు. అవి గుంపుగా బ్రతుకు ప్రాణులు కావు. ఎదుటి బోనులో మఱొకటి కనబడినను, చివరకు గాజులో తన ప్రతిబింబమే కనబడినను, కొన్ని కలతపడి మేత మానును.

రెండవది వెలుతురు. ఈ ప్రాణికి ఎండ ఆహారముతో సమానము. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు చర్మముపై పడినప్పుడే దేహమున ‘డి’ విటమిను తయారగును. ఆ విటమిను లేనిచో తిన్న కాల్షియము ఎముకలకు పట్టదు. కిటికీ అద్దము గుండ వచ్చు ఎండ ఇందుకు చాలదు. ఈ పనికి కావలసిన కిరణములను అద్దము ఆపివేయును. కావున ఇంటిలో పెంచువారు ప్రత్యేకమైన దీపములను అమర్చి, కొంతకాలమునకు ఒకసారి మార్చుచుండవలెను. ఇందులో అశ్రద్ధ జరిగినచో ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకర తిరిగి, దవడ బలహీనపడి, నాలుకను చాచలేక ఆ ప్రాణి ఎదుట పురుగును చూచుచు ఆకలితో మాడును. బోనులలో పెరుగు ఊసరవెల్లులకు తఱచుగా వచ్చు రోగములలో ఇది యొకటి.

మూడవది నీరు. గిన్నెలో నిలిచిన నీటిని ఊసరవెల్లి సాధారణముగా గుర్తింపదు. అడవిలో అది ఆకులపైనున్న మంచును, వానచినుకులను నాకి దాహము తీర్చుకొనును. కావున బోనులోని ఆకులపై ప్రతిదినము నీటిని తుంపరగా చల్లవలెను. లేదా నీరు బొట్టుబొట్టుగా ఆకులపై జాఱునట్లు అమర్చవలెను. నిండు గిన్నె యెదుట దాహముతో చచ్చు ప్రాణి యేదైన గలదన్నచో అది యిదియే.

నాలుగవది మేత. అది ప్రధానముగా బ్రతికియున్న పురుగులను తినును. కీచురాళ్లు, మిడతలు, బొద్దింకలు మొదలగువానిని సంపాదింపవలెను. అంతమాత్రము చాలదు; ఆ పురుగులకు ముందు మంచి ఆకుకూరలు పెట్టి పోషించి, వానిపై కాల్షియపు పొడి చల్లి ఇయ్యవలెను. అనగా ఒక ఊసరవెల్లిని పెంచువాడు దానితోపాటు ఒక పురుగుల మందను గూడ పెంచవలెనన్నమాట. సంవత్సరముల తరబడి ఒక్కదినమైనను ఏమఱక ఈ సేవ జరుగవలెను. ఇంత చేసినను అది కుక్కవలె తోకయూపి పలుకరింపదు. చేతిలోనికి తీసికొనుట దానికి ఇష్టము కాదు. దానిని పెంచువాడు చూచి సంతోషింపవలెనే గాని, తాకి ముద్దాడవలెనన్నచో కుదరదు.

పిల్లలను చేయించుట ఇంతకంటెను కష్టమైన పని. కోడి పుంజు లేకున్నను గ్రుడ్డు పెట్టునట్లే, వెయిల్డ్ జాతి ఆడది మగదాని పొత్తు లేకున్నను గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్లు పెట్టు సమయమున అది నేలకు దిగి లోతుగా గోయి త్రవ్వుకొనును. బోనులో తడియిసుక నింపిన తొట్టి లేనిచో, తగిన చోటు దొరకక గ్రుడ్లను కడుపులోనే నిలుపుకొని, తుదకు ప్రాణములు విడుచుటయు గలదు. మగది లేదుగదా యని తొట్టి నుంచని యజమానుని అజ్ఞానము ఒక ప్రాణిని బలిగొనును. హెచ్చుగా మేపినచో గ్రుడ్ల సంఖ్య పెరిగి తల్లి త్వరగా క్షీణించును. అతిప్రేమతో మేపుటయు అపాయమేయని దీనివలన తెలియుచున్నది.

గ్రుడ్లు వెలికివచ్చిన పిమ్మట మఱొక వ్రతము మొదలగును. కోడి తన గ్రుడ్లను ముక్కుతో మాటిమాటికి దొర్లించును. దొర్లింపకున్న లోపలి పిండము పెంకునకు అంటుకొని చెడును. ఊసరవెల్లి గ్రుడ్ల ధర్మము దీనికి విరుద్ధము. అవి పెట్టిన తీరుననే కదలక యుండవలెను. తలక్రిందు చేసినచో పిండము నశింపవచ్చును. కావున పెంచువారు ఒక్కొక్క గ్రుడ్డుపై పైభాగమున గుర్తు పెట్టి తేమగల పదార్థమునందు జాగ్రత్తగా నుంతురు. కోడిగ్రుడ్డు ఇరువదియొక్క దినములలో పిల్ల యగును. వెయిల్డ్ ఊసరవెల్లి గ్రుడ్డునకు ఆరు మొదలు తొమ్మిది నెలలు పట్టును. పాంథర్ జాతికి ఒక్కొక్కసారి సంవత్సరము వఱకు పట్టును. అన్ని నెలలు తేమయు వేడియు సరిగా చూచుకొనవలెను. ఆతురపడువానికి ఈ పని తగదు.

పిల్లలు పుట్టిన తరువాతి లెక్కను విద్యార్థులే వేసి చూడవచ్చును. వెయిల్డ్ జాతిలో ఒక విడతకు నలుబది పిల్లలు పుట్టుట వింత కాదు. ఒక్కొక్క పిల్ల దినమునకు ఇరువది చిన్నపురుగులను తినుననుకొన్నచో, దినమునకు ఎనిమిదివందల పురుగులు కావలెను, నెలకు ఇరువదినాలుగువేలు. పిల్లలు కొంత యెదుగగానే ఒకదానినొకటి కఱచుకొనును గనుక వేర్వేరు బోనులు కావలెను. నలుబది బోనులు, నలుబదింటికి దీపములు, నలుబదింటికి నీరు. ఇన్నింటికి తగిన ఇండ్లు వెదకి యిచ్చుట మఱొక బాధ్యత. ఒక ఆడదియు ఒక మగదియు కలిసినచో చాలునని తలచి పని ప్రారంభించినవారు ఈ లెక్కను ముందుగా వేసికొనవలసి యుండును.

పెంచువారి పక్షమున చెప్పదగిన మాటలును లేకపోలేదు. పూర్వము అంగళ్లలో అమ్మిన ఊసరవెల్లులు చాలవఱకు అడవులలో పట్టి ఓడలపైనను విమానములలోను తెచ్చినవి. దారిలో ఎన్నియో చచ్చెను. మిగిలినవి రోగములతో చేరెను. ఓపికగల కొందఱు పెంపకందార్లు గ్రుడ్లను పొదిగించు విధమును కనిపెట్టి, ఒకరికొకరు తెలుపుకొని, ఇంటనే పుట్టిన పిల్లలను సమకూర్చిరి. నేడు అమెరికాలో అమ్ముడగు వెయిల్డ్ ఊసరవెల్లులలో హెచ్చుభాగము అట్లు పుట్టినవే. అడవినుండి దొంగిలించుటకంటె ఇది మేలు. పిండము ఎదుగు క్రమమును పరిశోధించు శాస్త్రజ్ఞులకు గూడ ఈ జాతి మిక్కిలి ఉపయోగపడుచున్నది. అంతేకాక, ఒక ప్రాణికి నీరు త్రాగించుటకై ఆకుపై బొట్టు పడునట్లు ఏర్పాటు చేయువాడు ఆ ప్రాణిని శ్రద్ధగా గమనించినవాడే. అట్టి శ్రద్ధను తక్కువ చేసి మాటలాడుట న్యాయము కాదు.

అయినను ఆ శ్రద్ధ అందఱికి ఉండదు. అంగడిలో రంగు చూచి మురిసి కొనువారు అనేకులు. బోను కడుగునాటికి విసుగుచెందువారును అనేకులే. విసుగుచెందినవాడు దానిని తోటలో విడిచి తాను దయ చూపితినని తలచును. ఆ దయ ఫలితమెట్లుండునో హవాయి దీవుల చరిత్ర చెప్పుచున్నది. 1972వ సంవత్సరమున కెన్యా దేశమునుండి మూడు కొమ్ములుగల జాక్సన్ ఊసరవెల్లులు కొన్ని ఒవాహు ద్వీపమునకు వచ్చెను. ప్రయాణములో డస్సిపోయిన వానిని తేరుకొనుటకై ఒక వర్తకుడు తన తోటలో విడిచెను. అవి తేరుకొని, ప్రాకిపోయి, తోట దాటి వ్యాపించెను. మనుష్యులు వానిని ఇతర దీవులకును చేర్చిరి. ఈనాడు అవి అక్కడి అడవులలో, ప్రపంచమున మఱెక్కడను లేని కీటకములను, నత్తలను తినుచున్నవి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున 2002వ సంవత్సరము నుండి వెయిల్డ్ ఊసరవెల్లులు బయట సంతతి వృద్ధి చేసికొనుచున్నట్లు గుర్తించిరి. ఇందులో ఊసరవెల్లి తప్పేమియు లేదు. తనది కాని చోటికి అది తనంత తాను పోలేదు.

ఇక మన దేశము మాట. మన ఊసరవెల్లి 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడుచున్న ప్రాణి. దానిని పట్టుట, అమ్ముట, బోనులో నుంచుట నేరములు. విదేశపు ఊసరవెల్లులను గూర్చియు కట్టుబాట్లు గలవు. అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో చేరిన ప్రాణిని సజీవముగా ఇంట నుంచుకొనువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెనని 2022వ సంవత్సరపు సవరణ విధించినది. వానికి పిల్లలు పుట్టినను తెలుపవలెను. కావున కంచెపై కనబడిన ఊసరవెల్లిని పట్టి అట్టపెట్టెలో పెట్టి మిత్రులకు చూపుట సరదా పని కాదు. అది చట్టమునకును, దయకును విరుద్ధము. అట్టపెట్టెలో దానికి ఎండ లేదు, ఆకుపై బొట్టు లేదు, పట్టుకొనుటకు కొమ్మ లేదు. మిత్రులందఱు చూచి ఆశ్చర్యపడు ఆ ముదురురంగు వింత కాదు. అది దాని భయము.

అట్లయిన ఈ ప్రాణిపై మక్కువ గల బాలుడు గాని బాలిక గాని ఏమి చేయవలెను? దానిని పెంచుటకు బోను కంటె మంచి సాధనము ఒకటి గలదు. అది పొలము చుట్టునున్న పచ్చని కంచె. ముళ్లపొదలను, తీగలను కొట్టివేసి తీగెకంచెలను, గోడలను కట్టుకొలది ఊసరవెల్లికి నిలువ నీడ పోవును. మితిమీరి పురుగుమందులు చల్లినచోట పురుగులతోపాటు దాని ఆహారమును పోవును. పెరటిలో ఒక మూలనైనను మందార, గోరింట పొదలను గుబురుగా పెరుగనిచ్చి, మందు చల్లక విడిచినచో, పరిసరములలో ఊసరవెల్లులున్నయెడల అవి వచ్చి చేరవచ్చును. వచ్చినచో పురుగులను పట్టుట వానికి వానిదే పని. ఎండయు మంచుబొట్లును ప్రకృతియే యిచ్చును. గ్రుడ్లకు నేల గలదు. నలుబది పిల్లలకు నలుబది కొమ్మలు గలవు.

అది రోడ్డు దాటునప్పుడు ఊగుచు, ఆగుచు, అడుగులో అడుగు వేయును. బండ్లక్రింద పడి చచ్చునవి గలవు. అట్టిదానిని చూచినప్పుడు రాయి వెదకక, బండ్లు రాకుండ చూచుకొని, ఒక కఱ్ఱను ముందుంచినచో అది కఱ్ఱనెక్కును. అది పోవుచున్న దిక్కుననే ఆవలి పొదలో విడువవచ్చును. ఇంతకంటె సులభమైన ప్రాణరక్షణ మఱొకటి లేదు. చంపబోవు పెద్దలకు దీనికి విషము లేదని వినయముగా తెలుపుటయు చదువుకొన్న పిల్లలు చేయదగిన పనియే. ఆసక్తి గలవారు ఒక పుస్తకమున దాని నడవడిని వ్రాసికొనవచ్చును. ఉదయపు ఎండలో దాని రంగేమి? మధ్యాహ్నమున ఏమి? కాకి అరచినప్పుడు ఏమయ్యెను? రాత్రి కొమ్మచివర నిద్రించునప్పుడు ఎట్లు పాలిపోయి కనబడెను? దూరమునుండి చేయు ఇట్టి పరిశీలనము దానికి బాధ కలిగింపదు. చూచువానికి మాత్రము బోనులో దొరకని విద్య నిచ్చును.

ఒక ప్రాణిని ప్రేమించుట యనగా దానిని తనదిగా చేసికొనుట యని మనుష్యుడు తలచుచుండును. ఊసరవెల్లి పెంపకమును నిశితముగా చూచినవారికి వేరొక సత్యము గోచరించును. విదేశములలోని మంచి పెంపకందారుడు తన ధనమును, కాలమును వెచ్చించి గదిలో ఒక చిన్న అడవిని కల్పించుటకు యత్నించుచున్నాడు. ఎండకు బదులు దీపము, వానకు బదులు తుంపర, నేలకు బదులు ఇసుకతొట్టి. అవి యన్నియు మన ఊరి కంచెపై ఇదివరకే యున్నవి. ఉన్నదానిని చెరుపకుండుటయే మనవంతు పెంపకము.